పదో కుర్చీ

డ్యూటీల ఎంపిక రోజున యోలాండా త్రెవీన్యో వంతు వచ్చేసరికి బోర్డు మీద ఒక్క చీటీ మిగిలింది. చుట్టూ ఖాళీ గుండుసూదులు. తెల్లవారకముందు ఒక ముక్క డ్యూటీ, సాయంత్రం రద్దీలో ఒక ముక్క, మధ్యలో ఇంటికెళ్లి పడుకోవడానికి చాలని ఖాళీ. వచ్చే నెల నుంచి అదే ఆమె బతుకు. చీటీ పీకి చొక్కా జేబులో వేసుకుంది.

"ఏమొచ్చింది?" అన్నాడు వెనకనుంచి కాజ్ నొవాకోవ్‌స్కి. డిపోలో అందరికంటే సర్వీసు ఎక్కువున్న డ్రైవరు. అందరికంటే ముందు తన చీటీ తీసుకుని, కాఫీ కూడా తాగేసి, మిగతావాళ్ల మొహాలు చూడ్డానికి తిరిగొచ్చాడు.

"మిగిలిందే వచ్చింది."

"నేనూ అక్కణ్ణించే మొదలెట్టానమ్మాయ్."

ఆ మాటకి ఆమెకు కోపం రాలేదు. సర్వీసు వరస లేని రోజుల్లో మంచి డ్యూటీ కావాలంటే డ్యూటీలు వేసేవాడికి బ్రాందీ సీసా పట్టుకెళ్లాల్సి వచ్చేది. ఆ సీసాల కాలాన్ని సమ్మె చేసి పూడ్చింది కాజ్ తరం. చివర నిలబడితే నిలబడింది, ఎవడి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. వరస అనేది పనిచేసేవాడి చేతిలో ఉన్న కర్ర. దాన్ని ఆమె ఎన్నడూ కాదనలేదు.

ఆమె కాదన్నది ఇంకో వరసని.

మార్చి చివరి ఆదివారం మధ్యాహ్నం లింకన్ అవెన్యూ మీద హెడ్విగ్ బార్‌లో పదిమంది బస్సువాళ్లు బల్ల చుట్టూ కూర్చుని బేస్‌బాల్ జట్లు కట్టుకుంటారు. ఉత్తుత్తి జట్లే. దేశంలో ఏ ఊరికి ఆడేవాడినైనా పేరు పిలిచి తీసుకోవచ్చు. ఒకరు తీసుకున్నవాడు ఇంకొకరికి దక్కడు. అక్కణ్ణించి ఆకులు రాలేదాకా వాడు నిజం మైదానంలో కొట్టిన ప్రతి హోమ్ రన్, కళ్లుగప్పి పరిగెత్తి దొంగిలించిన ప్రతి బేస్ నీ లెక్కలో పడుతుంది. ఈ ఎంపికకే డ్రాఫ్ట్ అని పేరు. లోకంలో ఎక్కడైనా డ్రాఫ్ట్ పాములా మెలిక తిరుగుతుంది: మొదటి చుట్టులో చివర పిలిచినవాడు రెండో చుట్టులో ముందు పిలుస్తాడు. హెడ్విగ్ బార్‌లో మాత్రం పాము లేదు. డిపో వరసే బల్ల దగ్గరా వరస. కాజ్ ప్రతి చుట్టులోనూ మొదట. పదో కుర్చీ ప్రతి చుట్టులోనూ చివర.

ఇంకో రూలు కూడా ఉంది. కొత్తగా వచ్చినవాడు ఆ ఏడాది అట్టడుగున ఉంటే కుర్చీ ఖాళీ చెయ్యాలి. ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు. ముగ్గురూ ఒక్కొక్క వేసవే ఉన్నారు. రమ్మని తలుపు తీసి, లోపల నేలకి నూనె రాసి పెట్టడమంటే ఇదే. ఈ ఏడాది పదో కుర్చీ యోలాండాది.

ఎంపిక ముగిశాక డ్రైవర్ల గదిలోనే అడిగేసింది. డ్యూటీలు వేసే వెర్న్ డ్రెగర్ కాఫీ మెషిన్‌ని పిడికిలితో గుద్దుతున్నాడు. బల్లకి పెద్ద కూడా అతనే. గుడ్లు ఉడకబెట్టుకునే టైమరు పట్టుకుని ఒక్కొక్కరికీ గడువు చూసేది అతనే. ఎంపిక పాములా తిప్పితే ఏం పోతుందని ఆమె అడిగితే, ఎప్పట్నించో ఇంతే అన్నాడు. కాజ్ కూడా తల అడ్డంగా ఊపాడు. వరస వరసేనన్నాడు. ఎవరో నవ్వారు.

యోలాండా నోరు ఆగే రకం కాదు. "డిపోలో వరస పెట్టుకుంది వెర్న్ లాంటివాళ్ల నుంచి మనల్ని కాపాడుకోవడానికి," అంది. "బార్‌లో వరస పెట్టుకుంది కొత్తవాళ్ల నుంచి మిమ్మల్ని కాపాడుకోవడానికి. రెంటికీ ఒకటే పేరు పెట్టకండి."

నవ్వు ఆగింది. వెర్న్ చెవులు ఎర్రబడ్డాయి. మెషిన్‌లోంచి కాఫీ రాకపోయినా కప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం ఆమెకు ఉపాయం దొరికింది. వెతగ్గా దొరకలేదు, బస్సు నడుపుతుంటే కాళ్లకి తగిలింది.

అప్పటికి వారం రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటోంది. పదో కుర్చీకి పేరు పిలిచే వంతు వచ్చేసరికి పెద్ద బాదుడుగాళ్లంతా పోతారు. మళ్లీ వంతు వచ్చేసరికి రెండో రకం వాళ్లూ పోతారు. ఎలా తిప్పినా తినేసిన పళ్లెంలో ఎముకలే మిగులుతున్నాయి.

ఆఖరి స్టాపు ఇంకా చాలా దూరముంది. రోడ్డు పక్క మురికి మంచు కుప్పలు కరిగి నీళ్లు చిమ్ముతున్నాయి. వెనక సీట్లో ఒక పెద్దాయన కూరగాయల సంచి సర్దుకుని లేచి స్తంభం పట్టుకున్నాడు. ఆయన లేవడం చూసి పక్కన ఇద్దరు లేచారు. వాళ్లని చూసి నలుగురు. అద్దంలో యోలాండా చూస్తుండగానే బస్సంతా లేచి నిలబడి ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ తలుపుకేసి కదిలింది. దిగడానికి ఏ తొందరా లేదు. ఒకడు లేచాడు కాబట్టి అందరికీ భయం పుట్టింది, అంతే. అప్పుడే ఎక్కిన ఒక ముసలమ్మ ముందు సీట్లన్నీ ఖాళీగా ఉండడం చూసి, హీటరు పక్కన ఎండ పడే సీట్లో హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంది.

యోలాండా బ్రేకు మీద కాలు కాస్త గట్టిగానే వేసింది. నిలబడ్డవాళ్లంతా తూలి ఆమెని తిట్టారు. తిట్టినా ఆమె మొహం వెలుగుతూనే ఉంది.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వచ్చి, బంతి విసిరి ఆట ముగించి వెళ్లే పిచర్లుంటారు. క్లోజర్లంటారు వాళ్లని. ఊరికొకడు, అంతకంటే దొరకరు. బల్ల దగ్గర వాళ్లని ఎవరూ ముందు తీసుకోరు. మధ్యలో ఎప్పుడో, బాదేవాళ్లు అయిపోయాక, తీరిగ్గా ఏరుకుంటారు. తను మొదటి చుట్టులోనే ఒక క్లోజర్ని తీసుకుంటే? నవ్వుతారు. రెండో చుట్టులో ఇంకొకణ్ణి. ఇంకా నవ్వుతారు. మూడో చుట్టులోనూ క్లోజరే. అప్పుడు ఎవడో ఒకడికి గుండె జారుతుంది. ఈ పిచ్చిది అందర్నీ ఊడ్చుకుపోతుందేమో, నాకొకడు ఉండాలి కదా అని లేస్తాడు. ఒకడు లేస్తే బస్సంతా లేస్తుంది. ఎండ పడే సీట్లు ఖాళీ అవుతాయి.

టెర్మినల్లో బస్సు ఆపి, టికెట్ బుక్కు వెనక పేర్లు గీసి కొట్టేసి మళ్లీ గీసింది. బయల్దేరే టైమైందని వెనక బస్సు డ్రైవరు హారన్ కొట్టేదాకా తల ఎత్తలేదు.

శనివారం మధ్యాహ్నం వెర్న్ ఆమెని కిటికీ దగ్గరికి పిలిచాడు. రేపు ఒకడికి జ్వరమట, అతని డ్యూటీ నువ్వు చెయ్యాలన్నాడు. రేపు ఆమెకు సెలవు. సెలవున్నవాళ్లని బలవంతంగా పిలవాల్సొస్తే దానికీ వరస ఉంది. ఆ వరస అతని వెనక గోడ మీదే వేలాడుతోంది. ముందున్న పేరు డ్వేన్ టిబెట్స్.

"ఇది డ్వేన్ వంతు," అంది.

"ఫోన్ చేశాను. మోగదు. లైను పాడైనట్టుంది."

"మళ్లీ చెయ్యి."

"చేశాను. రేపు పొద్దున పదకొండుకి రిపోర్టు చెయ్యి, త్రెవీన్యో. రానంటే రానన్నట్టు రాసుకుంటా."

రానంటే ఉద్యోగం పోతుంది. ముందు పని చెయ్యి, తర్వాత ఫిర్యాదు చెయ్యి అని యూనియన్ మొదటి రోజే నేర్పే పాఠం. ఫిర్యాదు తేలేసరికి వేసవి వస్తుంది. పదో కుర్చీలో మనిషి లేకపోతే టైమరు మోగగానే ఆ వంతుని బల్ల పెద్ద తన ఇష్టానికి పిలుస్తాడు. అంటే వెర్న్. మోచెయ్యి విరిగినవాళ్లు, రిటైరైనవాళ్లు, ఎవరు దొరికితే వాళ్లతో ఆమె జట్టు నింపేస్తాడు. సెప్టెంబరు దాకా ఆగనక్కర్లేదు, ఆదివారం సాయంత్రానికే ఆమె బయట.

చీటీ తీసుకుంది. ఏ రూటో చూసింది. మొహంలో ఏమీ కనపడనివ్వకుండా గది దాటి, బస్సుల మధ్యకి వెళ్లాక ఆగి ఇంకోసారి చూసింది. డ్యూటీలు వేసేవాడికి డ్యూటీ అంటే ఒక నంబరు. డ్రైవరుకి అది ఒక వీధి. వెర్న్ ఆమెకి వేసింది లింకన్ అవెన్యూ. వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి, మధ్యాహ్నమంతా హెడ్విగ్ బార్ గుమ్మం ముందు నుంచే.

ఇక కావాల్సింది కుర్చీలో ఒక మనిషి.

ఒఫేలియా పిన్నికి బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. ఆమెకి తెలిసింది బింగో. చర్చి కింది హాల్లో గురువారం గురువారం నంబర్లు పిలుస్తుంది. ఆమె గొంతుకి మైకు పెడితే హాలు పెద్దలు వచ్చి తీయించేశారు. యోలాండా వంటింటి బల్ల మీద ఖాళీ బింగో కార్డులు పరిచి, గడికొక ఆటగాడి పేరు రాసింది, పై వరసలో క్లోజర్లు, కింద బాదేవాళ్లు. ఎవరి పేరు పిలిచినా ఆ గడి మీద ఊదా సిరా ముద్ర కొట్టడమే పిన్ని పని. బస్సు ఆగగానే కార్డు ఎత్తి చూపిస్తే చాలు, ఎవరు పోయారో ఎవరున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది.

"మొదటి మూడూ పై వరసలోవాళ్లే పిన్నీ. వేరే ఆలోచన వద్దు. వాళ్లు నవ్వినా పట్టించుకోకు."

"నన్ను చూసి నవ్వితే నేను ఊరుకుంటానా?"

"ఊరుకోవాలి. మూడోవాణ్ణి పిలిచాక, ఇంకా ఎంతమందిని తీసుకుంటావని ఎవరో ఒకరు అడుగుతారు. అందర్నీ తీసుకురమ్మంది అని చెప్పు. గట్టిగా చెప్పు."

"గట్టిగా చెప్పడం నువ్వు నాకు నేర్పక్కర్లేదు," అని పిన్ని కార్డుని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. "నువ్వు ఇందాకణ్ణించి తిడుతున్న ఈ డ్వేన్ ఏ గడిలో ఉన్నాడు?"

"డ్వేన్ ఆటగాడు కాదు. నా డ్యూటీ చెయ్యాల్సింది అతనే. ఫోన్ పాడైందట."

పిన్ని ఆ మాట కూడా బుర్రలో ఒక గడిలో వేసుకుంది.

ఆదివారం ఆకాశం అల్యూమినియం గిన్నెలా ఉంది. సన్నగా మంచు రాలుతోంది. యోలాండా మొదటిసారి బార్ ముందు బస్సు ఆపేసరికి పిన్ని స్టాపులో సిద్ధంగా ఉంది, ఊదారంగు కోటు, ఒక చేతిలో మొక్కజొన్న పిండితో చేసిన తమాలెల సంచి, ఇంకో చేతిలో కార్డు. బస్సు ఎక్కే ముగ్గురిని పక్కకి నెట్టి మెట్టు మీద కాలు పెట్టింది.

ముందు లోపలికి రానివ్వలేదట. డ్రైవరు కాని మనిషి కూర్చోడానికి వీల్లేదని వెర్న్ లేచి నిలబడ్డాడట. కాజ్ మాత్రం, కుర్చీ ఖాళీగా ఉండకూడదన్నదే రూలు, ఎవరు కూర్చోవాలో రూల్లో లేదు, నా కడుపు కోసినప్పుడు నా భార్య వచ్చి కూర్చుంది కదా అన్నాడట. పిన్ని సంచి విప్పి తమాలెలు పంచేసరికి వాదన ముగిసింది.

"మొదటివాణ్ణి పిలిచావా?"

"గిడ్డెన్స్‌ని పిలిచా. ఒకడి ముక్కులోంచి బీరు వచ్చింది, అంత నవ్వారు."

యోలాండా కార్డు చూసింది. పెద్ద బాదుడుగాళ్ల మీద ఊదా చుక్కలు. అనుకున్నట్టే. తలుపు మూసింది.

"ఎవరా గిడ్డెన్స్?" అన్నాడు డ్రైవరు వెనక మొదటి సీట్లో ఉన్న ముసలాయన. పేరు ఎమిల్. ప్రతి ఆదివారం చర్చిలో మాస్ అయ్యాక అదే బస్సు, అదే సీటు.

డ్రైవరుతో మాట్లాడరాదని ఆయన తల మీదే బోర్డు ఉంది. యోలాండా ముందుకు చూస్తూనే చెప్పింది, రోడ్డు వదలకుండా, ముక్క ముక్కగా, ఎర్ర లైటు పడ్డచోటల్లా. పదో కుర్చీ గురించి, క్లోజర్ల గురించి, ఒకడు లేస్తే బస్సంతా లేవడం గురించి. ఎమిల్ తన స్టాపు వచ్చినా దిగలేదు. ఆయన వెనక సీట్లో నర్సు చెవి ఇటు పెట్టింది. ఆమె వెనకవాళ్లకి ఆమె చెప్పింది.

తిరుగుదారిలో స్టాపు రోడ్డుకి అవతల పక్క. పిన్ని కార్ల మధ్యనుంచి చెయ్యి అడ్డం పెట్టి పరిగెత్తుకొచ్చింది. రెండోవాడూ మూడోవాడూ వచ్చేశారట. నవ్వు తగ్గిందట. అడిగినవాడు అడిగాడట, తను చెప్పాల్సింది చెప్పిందట.

"ఎలా చెప్పావు?"

"అందర్నీ తీసుకురమ్మంది," అంది పిన్ని, హాల్లో నంబరు పిలిచినట్టు. బస్సులో నిద్రపోతున్నవాడొకడు ఉలిక్కిపడి లేచాడు. "ఆ చిన్న పొట్టివాడు తమాలె నోట్లో పెట్టుకుని నమలడం మానేశాడు."

"ఇప్పుడు చుక్కలు చూసుకో. పై వరసలో చుక్కలు పడుతున్నాయంటే వాళ్లు లేచినట్టు. అప్పుడు నువ్వు రెండో వరస పిలువు, ఎడమనుంచి. చుక్క లేని మొదటి గడి ఏదైతే అది."

"చుక్క లేని మొదటి గడి," అని పిన్ని మళ్లీ కార్ల మధ్యకి దూకింది.

టెర్మినల్ చేరి, బస్సు తిప్పి, బోర్డు మార్చి, సీట్ల మధ్య మర్చిపోయిన గొడుగులు ఏరి, కాలు ఒకచోట నిలవక బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగింది యోలాండా. ఎమిల్ దిగి సిగరెట్టు కాల్చుకుని మళ్లీ ఎక్కాడు. మళ్లీ టికెట్టు కొన్నాడు. నర్సు డ్యూటీకి ఆలస్యమవుతుందని తెలిసీ దిగుతూ దిగుతూ, సాయంత్రం ఇదే బస్సు కదా, అప్పటికి ఏమైందో చెప్పమంది.

అప్పటినుంచి లింకన్ అవెన్యూలో ప్రతి ఎర్ర లైటు ఒక శత్రువు. ముందుకి ఉరకడానికి లేదు, టైముకి ముందు ఏ స్టాపూ వదలకూడదు. ఆమె ఏ రూలూ తప్పలేదు. నెమ్మదిగా చేతికర్రతో ఎక్కే మనిషికి మెట్టు కిందికి దించింది, కూర్చునేదాకా ఆగింది. పళ్లు మాత్రం బిగిసే ఉన్నాయి.

బార్ కనపడింది. స్టాపులో ఊదా కోటు గంతులేస్తోంది.

తలుపు పూర్తిగా తెరుచుకోకముందే కార్డు లోపలికొచ్చింది. పై వరస మొత్తం ఊదా. ఒక్క గడి మిగల్లేదు. క్లోజర్లంతా పోయారు, ఎవరూ పేరైనా ఎత్తనివాళ్లతో సహా. రెండో వరస మధ్యలో తెల్లగా, శుభ్రంగా, ముద్ర తగలని గడులు.

"ఆ పొట్టివాడు లేచాడు తల్లీ," అంది పిన్ని ఆయాసపడుతూ. "వాడి పక్కవాడు లేచాడు. తర్వాత ఆ టైమరువాడు చెమటలు పట్టి ఎవణ్ణో పిలిచాడు, వాడికి భుజం ఆపరేషనట, బల్లంతా మూలిగింది. నేను ఫాంటేన్‌ని పిలిచా. తర్వాత అరోచాని."

డెల్‌రాయ్ ఫాంటేన్. నిరుడు దేశం మొత్తంలో అతనికంటే ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాళ్లు పాతికమందికి మించరు. అతను నాలుగో చుట్టుదాకా జారాడు, పదో కుర్చీలో పడ్డాడు. యోలాండా గొంతులోంచి వచ్చిన శబ్దానికి వెనక పసిపిల్ల ఏడుపు ఆపేసింది.

"అరోచా క్యాచరు కదా? క్యాచర్ని పిలవమని నేను చెప్పలేదే?"

"చెప్పలేదు. వార్తాపత్రికలో ఫొటో చూపించారు. అచ్చం మీ బాబాయిలా ఉన్నాడు. వాణ్ణి అక్కడ వదిలేసి నేను రాలేను."

బ్యాటు వెనక కూర్చుని బంతులు పట్టే ఆ పనికి మిగిలినవాళ్లలో అరోచా మంచివాడే. యోలాండా నోరు మూసుకుంది. బస్సులో మాత్రం ఎమిల్ టోపీ తీసి మోకాలి మీద కొట్టుకుంటున్నాడు. అసలు బేస్‌బాల్ సంగతే తెలియని ఒక కాలేజీ కుర్రాడు ఫాంటేన్ ఎవరని అందర్నీ అడుగుతున్నాడు. వాడికి ముగ్గురు ఒకేసారి చెబుతున్నారు.

దిగబోతూ పిన్ని వెనక్కి తిరిగింది. "అన్నట్టు, ఆ పొట్టివాడే డ్వేన్. ఫోన్ బాగైందా బాబూ అని అడిగా. మా ఫోన్‌కేమైంది అన్నాడు. నిన్న మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉన్నాడట, ఎవరూ చెయ్యలేదట."

"అందరూ విన్నారా?"

"నేను అడిగితే వినపడనివాళ్లుంటారా?"

బస్సు తర్వాతిసారి వచ్చేసరికి స్టాపులో పిన్ని ఒక్కతే లేదు. పక్కన కాజ్ నొవాకోవ్‌స్కి, కోటు లేకుండా, చొక్కా భుజాల మీద మంచు పొడి. మెట్టెక్కి, అలవాటు కొద్దీ డబ్బాలో చార్జీ వేసి, ఇనప కడ్డీ పట్టుకున్నాడు. చేతిలో గుడ్ల టైమరుంది. దాన్ని డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.

"ఆపేశాం," అన్నాడు. "వెర్న్‌ని అడిగాను, డ్వేన్‌కి ఫోన్ చేశావా అని. చేశానన్నాడు. డ్వేన్ నంబరు చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు."

కాజ్ ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే మనిషి కాదు, ఆ పని చేతకాక మాటలు తడుముకుంటున్నాడు. వరస కోసం ఆ రోజుల్లో మంచులో నిలబడి దెబ్బలు తిన్నామని, వెర్న్ ఆ వరసనే దాటి నిన్ను బయటికి తోశాడని, అదీ మా బల్ల కోసం తోశాడని, మేమంతా అక్కడ కూర్చుని నవ్వామని చెప్పాడు. డిపో సంగతి రేపు యూనియన్ ఆఫీసులో చూస్తానన్నాడు. బల్ల సంగతి మాత్రం ఇప్పుడే తేల్చాలి.

"కుర్రాళ్లంతా ఒప్పుకున్నారు. పేర్లు రాసిన బోర్డు తుడిచేసి బుధవారం సాయంత్రం మళ్లీ మొదలెడతాం. నువ్వు ఉంటావు. పాము మెలికే. కొత్తవాణ్ణి తరిమే రూలు కూడా తీసేస్తాం." ఆగి గడ్డం గీరుకున్నాడు. "కానీ దెబ్బ తిన్నది నువ్వు కాబట్టి నిర్ణయం నీది. నీ జట్టు చూశాను. ముగ్గురు క్లోజర్లు, ఫాంటేన్, అరోచా. నాది చూశాను. నాకు ఏడుపొచ్చింది. ఇలాగే సాగనిద్దామంటావా, టైమరు నా చేతిలో ఉంటుంది, ఇలాగే సాగుతుంది. ఈ జట్టుతో ఈ ఏడాది నిన్ను ఆపేవాడు లేడు."

"తుడవొద్దు," అన్నాడు ఎమిల్ వెనకనుంచి. ఆయన్ని ఎవరూ అడగలేదు.

"నేను చలిలో నిలబడి కట్టిన జట్టు," అంది పిన్ని. "మీ బాబాయిని మళ్లీ ఆ బల్ల మీద వదిలేస్తావా?"

బస్సు నిండా మనుషులు ఆమె మెడ వెనక భాగం చూస్తున్నారు. టైమైపోతోంది. యోలాండా డ్యాష్‌బోర్డు మీది టైమరు వైపు చూసింది. ఫాంటేన్ పేరు నాలిక మీద ఇంకా తియ్యగా ఉంది. ఇంత గొప్ప జట్టు మళ్లీ కుదరదు. బుధవారం నాటికి ఆమె ఉపాయం బల్ల చుట్టూ అందరికీ తెలిసిన ఉపాయం. ఒకసారి వాడిన అగ్గిపుల్ల.

"మీరు అందరికీ ఒకటి చెబుతారు కాజ్," అంది నెమ్మదిగా. "ఈ ఏడాది నేను గెలిస్తే ఇక పదేళ్లు అదే చెబుతారు. పదో కుర్చీ నుంచి కూడా గెలవొచ్చు, యోలీ గెలవలేదా, నీకు బుర్ర లేకపోతే మేమేం చేస్తాం అంటారు. వచ్చే ఏడాది వచ్చే పిల్లకి నన్ను చూపించి నోరు మూయిస్తారు."

అది నిజమని కాజ్ మొహమే చెప్పింది.

"మీ బల్ల వరసకి నన్ను సాక్ష్యంగా పెట్టనివ్వను. తుడిచేయండి."

పిన్ని స్పానిష్‌లో ఒక పొడుగాటి తిట్టు తిట్టింది, అందులో చచ్చిపోయిన బాబాయి పేరు కూడా ఉంది. ఎమిల్ టోపీ పెట్టేసుకుని కిటికీ వైపు తిరిగాడు. కాజ్ టైమరు తీసుకోబోయి, ఆగి, దాన్ని అక్కడే వదిలేశాడు. "బుధవారం దాకా నీ దగ్గరుంచు," అని దిగాడు. స్టాపులో నిలబడి బస్సు కదిలేదాకా చూశాడు.

ఒక స్టాపు దాటాక, బాధగా ఉందా అని యోలాండా తనని తాను తడిమి చూసుకుంది. లేదు. పామైతే చివరి కుర్చీకి వరసగా రెండు వంతులు వస్తాయి. ఒకే ఊపిరిలో ఇద్దర్ని తీసుకోవచ్చు. మరి క్లోజర్లు? బుధవారం వాళ్ల పేరెత్తితే చాలు, బల్లంతా నవ్వుకుంటుంది. మళ్లీ మోసపోతామా అంటుంది.

లింకన్ అవెన్యూ చివర మలుపు తిరిగింది. టెర్మినల్ ఇంకా దూరముంది. అద్దంలో చూసింది. ఒక పెద్దావిడ అలవాటుగా సంచి ఒళ్లోకి తీసుకుని లేవబోయింది. పక్కవాళ్లు ఆమె వైపు చూశారు, నవ్వు ఆపుకుంటూ. మధ్యాహ్నమంతా వాళ్లు విన్న కథ అదే మరి. ఆవిడ సిగ్గుపడి మళ్లీ కూర్చుంది. బస్సులో ఒక్కరూ కదల్లేదు. ఒకడు లేస్తే అందరూ లేస్తారన్న మాట వాళ్లకి తెలిసిపోయింది, అందుకని లేవాల్సినవాళ్లు కూడా కూర్చునే ఉన్నారు.

ఎమిల్ ఒక్కడే లేచాడు. టోపీ సరిచేసుకుని, తీరిగ్గా నడిచి వచ్చి, తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. తోసేవాడు లేడు, తొక్కేవాడు లేడు.

"చూశావా," అన్నాడు. "తలుపంతా నాదే."

యోలాండా ఆయన వైపు చూసింది. తర్వాత అద్దంలో కూర్చున్నవాళ్ల వైపు. బుధవారం బల్ల చుట్టూ కూర్చోబోయే తొమ్మిదిమంది మొహాలు అక్కడే కనిపించాయి, చేతులు కట్టుకుని, మోసపోకూడదని పట్టుబట్టి, క్లోజర్లని ముట్టుకోకుండా ఆమెకే వదిలేసి.

నవ్వు ఆగక బ్రేకు కాస్త గట్టిగానే వేసింది. ఎమిల్ తూలి ఆమెని తిట్టాడు.